క్రోమియం డ్రమ్ము పక్కన పెట్టి గాలితో ఆక్సిడేషన్: ఘన కేటలిస్టుతో మొదటి బ్యాచ్ దాకా

ముందు ఒక లెక్క. 100 కిలోల 1-ఫినైల్ ఇథనాల్‌ని ఎసిటోఫినోన్‌గా మార్చాలనుకుందాం. పాత పద్ధతిలో క్రోమియం ట్రయాక్సైడ్, సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతాం. ఒక్క గ్రాము కూడా ఎక్కువ వేయకుండా సమీకరణం ప్రకారమే వేసినా సుమారు 55 కిలోల ట్రయాక్సైడ్, 80 కిలోల యాసిడ్ పడుతుంది. చేతికొచ్చే సరుకు 98 కిలోలు, దాని వెంట 107 కిలోల క్రోమియం సల్ఫేట్. అంటే అమ్ముకునే దానికంటే పారబోసేది ఎక్కువ, దాన్ని పారబోయడానికి మళ్లీ మనమే డబ్బు కట్టాలి. అదే పని ఘన కేటలిస్ట్ (తాను ఖర్చవకుండా రియాక్షన్‌ని నడిపించే పదార్థం) సాయంతో, ఆక్సిజన్‌తో చేస్తే 13 కిలోల ఆక్సిజన్ లోపలికి పోతుంది, 15 కిలోల నీళ్లు బయటికి వస్తాయి.

పటాన్‌చెరు, బొల్లారం వైపు పనిచేసినవాళ్లకి ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు సంగతి నేను చెప్పక్కర్లేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. యూరప్‌లో అయితే 2017 సెప్టెంబరు 21 నుంచి క్రోమియం ట్రయాక్సైడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాల్సిందే. కాబట్టి మారడమా మానడమా అన్న చర్చ పక్కన పెట్టి, ఎలా మారాలో చూద్దాం. ఇది ప్రాసెస్ ఆర్ అండ్ డీలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ వచ్చు, కేటలిసిస్ అంటే కాస్త బెరుకు అనుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకున్నాను.

ఇది కొత్త వింతేమీ కాదు. ఇటలీలో ఎనీ గ్రూపు కంపెనీ వాళ్లు సిలికా స్ఫటికంలో అక్కడక్కడా టైటానియం పరమాణువుని కూర్చోబెట్టి టీఎస్-1 (టైటానియం సిలికలైట్-1) అనే పదార్థం చేశారు, దాని పేటెంటు 1983 నాటిది. 1986 నుంచి రవెన్నాలో దానితోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడి ఫినాల్ నుంచి కేటకాల్, హైడ్రోక్వినోన్ తీశారు. 2008లో బీఏఎస్ఎఫ్, డౌ కలిసి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఏడాదికి 3 లక్షల టన్నుల ప్రొపిలీన్ ఆక్సైడ్ ప్లాంటు మొదలుపెట్టాయి, అందులోనూ టైటానియం సిలికలైటూ హైడ్రోజన్ పెరాక్సైడే. పాత పద్ధతులతో పోలిస్తే వ్యర్థజలం 70 నుంచి 80 శాతం తగ్గిందని లెక్క తేల్చారు. మన దగ్గర కూడా తార్నాకలోని ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) బీఎం చౌదరి బృందం 2001లో ఆస్మియంని లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ అనే బంకమట్టిలాంటి పదార్థం పొరల మధ్య అయాన్ మార్పిడితో పట్టి ఉంచి, ఆల్కీన్ల డైహైడ్రాక్సిలేషన్‌కి (జంట బంధానికి రెండు ఓహెచ్‌లు చేర్చడానికి) వాడి చూపించింది. ఆస్మియం ఎంత విషమో, ఎంత ఖరీదో తెలిసినవాళ్లకి ఆ పని విలువ తెలుస్తుంది.

మొదటి మెట్టు: మీ అణువు ఏమిటో చూసి కేటలిస్ట్ ఎంచుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కేటలాగ్ తెరిచి, పేపర్లలో మంచి ఈల్డ్ (చేతికొచ్చే సరుకు శాతం) వచ్చిందని ఏదో ఒకటి తెప్పించేస్తారు. ముందు అణువులో సల్ఫర్ ఉందా, స్వేచ్ఛగా ఉన్న అమీన్ ఉందా, సైజు ఎంత, ఈ మూడూ చూడండి.

ఆల్కహాల్ నుంచి కీటోన్ లేదా ఆల్డిహైడ్ కావాలి, సల్ఫర్ లేదు అంటే గాలితో పనిచేసే ప్లాటినం, పల్లాడియం, రుథేనియం వైపు వెళ్లండి. కార్బన్ మీద ప్లాటినం, దానికి కొంచెం బిస్మత్ కలిపిన రకం నీళ్లలో బాగా పనిచేస్తుంది. నీళ్లు పడని అణువులకి అల్యూమినా మీద రుథేనియం టొలూయిన్‌లాంటి సాల్వెంట్‌లో, బేస్ కూడా అవసరం లేకుండా నడుస్తుంది. ఇక్కడో చిన్న కిటుకు. ప్రైమరీ ఆల్కహాల్ నుంచి ఆల్డిహైడ్ దగ్గరే ఆగాలంటే నీళ్లు లేకుండా చూసుకోండి. నీళ్లుంటే ఆల్డిహైడ్ హైడ్రేట్‌గా మారి, అది మరో ఆల్కహాల్ లాగా మళ్లీ ఆక్సీకరణం చెంది యాసిడ్ అయిపోతుంది. యాసిడే కావాలంటే నీళ్లు, కాస్త బేస్, ప్లాటినం లేదా గోల్డ్ చాలు.

సల్ఫైడ్‌ని సల్ఫాక్సైడ్ చేయాలంటే, అంటే ఒమెప్రజోల్ లాంటి ప్రజోల్ మందుల కుటుంబంలో వచ్చే చివరి స్టెప్ లాంటిది అయితే, ప్లాటినం, పల్లాడియం, రుథేనియంలాంటి నోబుల్ మెటల్స్ జోలికి పోవద్దు. సల్ఫర్ వాటికి విషం. అక్కడ టైటానియం, టంగ్‌స్టన్ రకాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్. కానీ టీఎస్-1 రంధ్రం సుమారు 0.55 నానోమీటర్లు మాత్రమే. అందులోకి ఫినాల్ పోతుంది, ప్రొపిలీన్ పోతుంది, మూడు రింగుల మందు అణువు పోదు. ఏనుగుని ఎలుక కన్నంలో దూర్చినట్టే. నేనూ ఒకసారి రెండు వారాలు ఉష్ణోగ్రత పెంచుతూ, పెరాక్సైడ్ పెంచుతూ కూర్చున్నాను, తీరా చూస్తే జరిగిన కొద్దిపాటి రియాక్షన్ కేటలిస్ట్ లేకపోయినా జరిగేదే. పెద్ద అణువులకి టైటానియం ఎంసీఎం-41, ఎస్‌బీఏ-15 లాంటి పెద్ద రంధ్రాల సిలికాలు చూడండి, కాకపోతే అవి నీళ్లలో టీఎస్-1 అంత గట్టిగా నిలవవు.

క్రోమియం, వెనేడియంలని జియోలైట్‌లో (సన్నని రంధ్రాలున్న స్ఫటికంలో) కూర్చోబెట్టామని చెప్పే కేటలిస్టుల విషయంలో అనుమానంగా ఉండండి. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.

రెండో మెట్టు: సరుకు వచ్చాక, తెరిచే ముందు

కార్బన్ మీద పల్లాడియం, ప్లాటినం సాధారణంగా 50 శాతం దాకా నీళ్లతో తడిగా వస్తాయి. సర్టిఫికెట్‌లో 5 శాతం అని ఉంటే అది పొడి బరువు మీద. తడి బరువుతో లెక్క వేస్తే సగం లోహమే పడుతుంది, ఆ తర్వాత కేటలిస్ట్ పనిచేయట్లేదని సప్లయర్‌తో గొడవ.

వేసే క్రమం ముఖ్యం. రియాక్టర్ నైట్రోజన్‌తో నింపి, ముందు తడి కేటలిస్ట్, ఆపైన నీళ్లు లేదా నైట్రోజన్ కిందే సాల్వెంట్. గాలిలో తెరిచి ఉన్న పొడి కార్బన్ కేటలిస్ట్ మీద మిథనాల్ పోస్తే నిప్పు అంటుకుంటుంది, ఇది భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు. పైగా ఆల్కహాల్ ఆక్సిడేషన్‌లో మిథనాల్, ఇథనాల్ సాల్వెంట్లుగా పనికిరావు, వాటినే ఆక్సీకరించేస్తుంది. టర్షియరీ బ్యూటనాల్, టర్షియరీ ఎమైల్ ఆల్కహాల్, నీళ్లు, టొలూయిన్, ఎసిటోనైట్రైల్, ఇలా చూసుకోండి. టీఎస్-1తో మాత్రం కథ వేరు, చిన్న ఆల్కీన్ల ఎపాక్సిడేషన్‌కి మిథనాలే మంచి సాల్వెంట్.

టీఎస్-1 తెప్పిస్తే ఒక యూవీ స్పెక్ట్రమ్ తీయించండి. పొడి మీద తీసే డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ రకం. 210 నానోమీటర్ల దగ్గర శిఖరం ఉంటే టైటానియం స్ఫటికం చట్రంలో సరైన చోట కూర్చున్నట్టు. 310 నుంచి 330 దగ్గర బుంగలా ఉబ్బితే అనటేజ్, అంటే మామూలు టైటానియం డయాక్సైడ్ కలిసినట్టు. అది మీ పనికి సాయపడకపోగా పెరాక్సైడ్‌ని ఊరికే విరగ్గొట్టి ఆక్సిజన్ చేస్తుంది.

మూడో మెట్టు: నిప్పు లెక్క

ఇది దాటేసి ముందుకు పోవద్దు. ఆక్సిజన్, సాల్వెంట్ ఆవిరి, కేటలిస్ట్ అనే నిప్పురవ్వ, మూడూ ఒకే పాత్రలో ఉంటాయి. చాలా ఆర్గానిక్ సాల్వెంట్ల ఆవిరి మండాలంటే నైట్రోజన్‌తో కలిసిన వాయువులో ఆక్సిజన్ సుమారు 8 నుంచి 12 శాతం దాటాలి. ఆ హద్దు మీ సాల్వెంట్‌కి, మీ ఉష్ణోగ్రతలో, మీ ప్రెషర్‌లో ఎంతో కొలిపించుకోండి, ఎందుకంటే పరిస్థితులు మారితే ఆ అంకె మారుతుంది. దానికి బాగా కింద, నైట్రోజన్‌లో 5 శాతం ఆక్సిజన్‌తో మొదలుపెట్టండి. హెడ్‌స్పేస్‌లో (ద్రావణం పైనున్న ఖాళీలో) ఆక్సిజన్ ఎనలైజర్ పెట్టి, హద్దు దగ్గరికి రాగానే గాలి వాల్వ్ దానంతట అదే మూసుకునేలా ఇంటర్‌లాక్ పెట్టండి. ఆపరేటర్ చూసుకుంటాడులే అనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

వేడి సంగతి: ఆల్కహాల్ నుంచి కార్బొనైల్‌కి మోల్‌కి సుమారు 200 కిలోజౌళ్లు. పైన చెప్పిన 100 కిలోల బ్యాచ్ 8 గంటల్లో నడిస్తే సగటున 6 కిలోవాట్ల లోపే, జాకెట్ మోయగలదు. ఇక్కడో సుఖం ఉంది, వాయువు నెమ్మదిగా పంపుతున్నంతసేపూ రియాక్షన్ మీ చేతిలోనే ఉంటుంది. గాలి ఆపితే రియాక్షన్ ఆగుతుంది.

పెరాక్సైడ్‌తో ఆ సుఖం లేదు. 30 శాతం ద్రావణం ఒక లీటరు పూర్తిగా విరిగితే సుమారు 110 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది, మోల్‌కి 98 కిలోజౌళ్ల వేడి. కాబట్టి మొత్తం ఒకేసారి పోసి వేడి చేయడం అనే ఆలోచనే వద్దు. రియాక్షన్ ఉష్ణోగ్రతలో బొట్టుబొట్టుగా పోస్తూ, పోసింది పోసినట్టు ఖర్చవుతోందో లేదో అయొడిన్ టైట్రేషన్‌తో చూస్తూ వెళ్లాలి. పేరుకుపోతోందంటే పోయడం ఆపండి. ఎసిటోన్‌ని ఈ బ్యాచ్ దరిదాపులకి రానివ్వకండి, రియాక్టర్ కడగడానికి కూడా వద్దు. యాసిడ్ ఉంటే ఎసిటోన్, పెరాక్సైడ్ కలిసి పేలుడు పదార్థం అవుతుంది. ఈథర్లకీ అదే మాట. వెంట్ (వాయువు బయటికి పోయే దారి) మూసిన పాత్రలో పెరాక్సైడ్ ద్రావణం నిల్వ ఉంచకండి, శాంపిల్ సీసా మూత కూడా గట్టిగా బిగించకండి.

నాలుగో మెట్టు: ఈల్డ్ చూడకముందే ఫిల్టర్ చేసి చూడండి

మొత్తం ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. అందరూ ముందు ఈల్డ్ 95కి తెచ్చి, పైలట్ చేసి, చివర్లో ఎవరో అడిగితే లీచింగ్ (లోహం కరిగి ద్రావణంలోకి పోవడం) చూస్తారు. తిరగేసి చేయండి. మొదటి వారంలోనే చూడండి.

పని చాలా తేలిక. రియాక్షన్ 30, 40 శాతం జరిగినప్పుడు, చల్లార్చకుండా, అదే వేడిలో సన్నని పీటీఎఫ్ఈ ఫిల్టర్ గుండా సగం ద్రావణాన్ని వేరే ఫ్లాస్కులోకి తీయండి. రెండింటికీ అదే ఆక్సిజన్, అదే ఉష్ణోగ్రత ఇవ్వండి. పెరాక్సైడ్ పద్ధతి అయితే రెండింటికీ తాజా పెరాక్సైడ్ కాస్త కలపండి. రెండు గంటల తర్వాత చూడండి. కేటలిస్ట్ లేని ఫ్లాస్కులో రియాక్షన్ నిలిచిపోతే మంచిది, ఆ ఫిల్ట్రేట్‌ని ఐసీపీ-ఎంఎస్‌కి (అతి కొద్ది లోహాన్ని కూడా కొలిచే పరికరం) పంపి లోహం ఎంతుందో చూడండి. నిలవకుండా అదే జోరుతో నడిస్తే మీ ఘన కేటలిస్ట్ ఘనం కాదు. అది లోహాన్ని కొంచెం కొంచెంగా ద్రావణంలోకి వదిలే సంచి. పని చేస్తున్నది కరిగిన లోహం.

చల్లార్చకుండా అని ఎందుకు అన్నానంటే, వేడిలో కరిగిన లోహం చల్లబడగానే మళ్లీ సపోర్ట్ (లోహాన్ని మోసే కార్బన్, అల్యూమినా లాంటి పొడి) మీదికి వెళ్లి కూర్చుంటుంది, పల్లాడియంతో ఇది బాగా చూస్తాం. చల్లార్చి ఫిల్టర్ చేస్తే అంతా శుభ్రంగా కనిపిస్తుంది. క్రోమియం ఉన్న మాలిక్యులర్ సీవ్‌ల (జియోలైట్‌లాంటి రంధ్రాల పదార్థాల) విషయంలో 1990లలో షెల్డన్ బృందం సరిగ్గా ఇలాంటి పరీక్షలతోనే చూపించింది, పనిచేస్తున్నది పెరాక్సైడ్ దెబ్బకి బయటికొచ్చిన క్రోమియమేనని. క్రోమియం వదిలించుకోవడానికి ఇంత కష్టపడి, దొడ్డిదారిన మళ్లీ క్రోమియమే నీళ్లలో కలిపినట్టు.

మందుల తయారీలో ఇది పర్యావరణం సంగతి ఒక్కటే కాదు. మందుల్లో లోహ మలినాల మీద ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు, రోజు మోతాదు 10 గ్రాములనుకుని లెక్కేస్తే 10 పీపీఎం. మీ స్టెప్ చివరిదైతే ఈ అంకె ఎదురుగా పెట్టుకునే పని మొదలుపెట్టండి.

ఖాళీ ప్రయోగాలు కూడా ఈ వారంలోనే. కేటలిస్ట్ లేకుండా ఒకటి, లోహం లేని ఉత్త సపోర్ట్‌తో ఒకటి, కేటలిస్ట్ ఉండి నైట్రోజన్ కింద ఒకటి. మూడోది చాలామంది చేయరు. నైట్రోజన్ కింద కూడా కొంత సరుకు వస్తే కేటలిస్ట్ మీదున్న ఆక్సిజనే వాడుకుంటోందన్నమాట, ఒక్క బ్యాచ్‌తో అయిపోతుంది.

అయిదో మెట్టు: ఆక్సిజన్ అందుతోందా, మరీ ఎక్కువ అందుతోందా

గాలి కింద 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు. అంతే. అందుకే కేటలిస్ట్ ఎంత చురుకైనదైనా చాలాసార్లు రియాక్షన్ వేగాన్ని తేల్చేది స్టిర్రర్. 400 ఆర్‌పీఎం నుంచి 800కి పెంచితే వేగం పెరిగిందా? పెరిగితే మీరు కొలుస్తున్నది కేటలిస్ట్ శక్తిని కాదు, స్టిర్రర్ శక్తిని. అలాంటి డేటాతో రెండు కేటలిస్టులని పోల్చడం, ఏది మంచిదో తేల్చడం, శుద్ధ దండగ. స్పీడ్ పెంచినా వేగం మారని చోటుకి చేరాక, కేటలిస్ట్ రెట్టింపు చేసి చూడండి, వేగం కూడా రెట్టింపు అవ్వాలి.

ఇక ప్లాటినంతో తమాషా ఏమిటంటే, దానికి ఆక్సిజన్ తక్కువైతే నెమ్మదిస్తుంది, ఎక్కువైతే నిద్రపోతుంది. పైపొర మీద ఆక్సైడ్ కమ్మేసి ఆల్కహాల్‌కి చోటుండదు. కొత్తవాళ్లు చేసే తప్పు, రియాక్షన్ ఆగిందని ఇంకా గాలి పెంచడం. అలా చేస్తే అస్సలు లేవదు. గాలి ఆపేసి, నైట్రోజన్ పంపి, అదే వేడిలో అరగంట వదిలేయండి. ద్రావణంలో మిగిలిన ఆల్కహాలే ఆ ఆక్సైడ్‌ని తీసేసి లోహాన్ని నిద్రలేపుతుంది, తర్వాత గాలి కాస్త తగ్గించి మొదలుపెట్టండి. అందుకే మొదట ఆల్కహాల్ పోసి నైట్రోజన్ కింద వేడెక్కించి, ఆ తర్వాతే గాలి ఇవ్వాలి. క్రమం తారుమారైతే మొదటి పది నిమిషాల్లోనే కేటలిస్ట్ పడుకుంటుంది. బిస్మత్ కలపడంలో ఉద్దేశం కూడా చాలావరకు ఇదే, ప్లాటినం మీద ఆక్సిజన్ అంత తొందరగా పేరుకోకుండా చూడడం.

ఆరో మెట్టు: మళ్లీ వాడి చూడడం, నిజాయితీగా

అయిదు సార్లు వాడాం, ప్రతిసారీ 99 శాతం అని చూపించే బార్ చార్ట్ మేడిపండు లాంటిది. రెండు గంటల్లో పూర్తయ్యే రియాక్షన్‌ని పన్నెండు గంటలు నడిపిస్తే, కేటలిస్ట్ శక్తి ఆరో వంతుకి పడిపోయినా 99 దగ్గరే కనిపిస్తుంది. మొదటి అరగంటలో, 20, 30 శాతం దగ్గర వేగం ఎంతో ప్రతిసారీ కొలిచి, ఆ వేగాలని పోల్చండి. ఫిల్టర్‌లో పోయిన కేటలిస్ట్ బరువు కూడా రాసుకోండి, లేకపోతే తగ్గింది శక్తా, బరువా తెలీదు.

తగ్గితే ఎందుకని చూడాలి. టీఎస్-1లో రంధ్రాలు తారుతో మూసుకుపోతే గాలిలో 550 డిగ్రీల దగ్గర కాల్చితే చాలావరకు తిరిగొస్తుంది. అమ్మోనియా వాడే రియాక్షన్‌లో అయితే సిలికాయే నెమ్మదిగా కరిగిపోతుంది, దాన్ని కాల్చినా రాదు. కార్బన్ మీదున్న లోహాన్ని గాలిలో కాల్చడానికి వీల్లేదు, కార్బనే పోతుంది కదా.

ఏడో మెట్టు: పెద్ద రియాక్టర్‌కి

ల్యాబులో ఎవరూ ఆలోచించనిది, ప్లాంటులో అందరినీ ఏడిపించేది ఫిల్ట్రేషన్. టీఎస్-1 స్ఫటికాలు సాధారణంగా 0.1 నుంచి 0.3 మైక్రాన్లు. మామూలు న్యూచ్ ఫిల్టర్ బట్ట వాటిని ఆపదు, ఆపితే అడ్డుపడి గంటల తరబడి కదలదు. గుళికలుగా చేసింది తీసుకోండి, లేదా సిరామిక్ మెంబ్రేన్ ఫిల్టర్‌కి బడ్జెట్ అడగండి. కార్బన్ రకాలకి స్పార్క్లర్ గానీ క్యాండిల్ ఫిల్టర్ గానీ సరిపోతుంది, కేక్ మాత్రం ఎప్పుడూ ఆరిపోనివ్వకండి, నైట్రోజన్ కింద నీళ్లతో కడిగి తడిగానే దించండి.

రెండోది, వెంట్. మొదట్లో చెప్పిన 100 కిలోల బ్యాచ్‌కి ఆక్సిజన్ 13 కిలోలే, కానీ దాన్ని 5 శాతం మిశ్రమంగా పంపితే, అంతా ఖర్చయిపోయినా, 180 ఘనపు మీటర్లకి పైగా వాయువు రియాక్టర్ గుండా పోతుంది. అది వెళ్తూ వెళ్తూ సాల్వెంట్ పట్టుకుపోతుంది. వెంట్ కండెన్సర్‌లో చిల్డ్ బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీళ్లు) లేకపోతే క్రోమియం ఆపి సాల్వెంట్‌ని ఆకాశంలోకి వదిలినట్టే, అది ఏ లెక్కలో హరితమో నాకు అర్థం కాదు. పెరాక్సైడ్ పద్ధతిలో ఈ బాధ లేదు గానీ, అదే బ్యాచ్‌కి 30 శాతం ద్రావణం 93 కిలోలు పోయాలి, దాంతో 65 కిలోల నీళ్లు ఉచితంగా వస్తాయి, అవన్నీ ఎఫ్లుయెంట్ ట్యాంకుకే. రెండు పద్ధతుల మధ్య ఎంచుకునేటప్పుడు మీ ప్లాంటులో ఏది బలహీనమో చూసుకోండి, వెంటా, ఈటీపీయా (వ్యర్థజలం శుద్ధి చేసే ప్లాంటు) అని.

మూడోది, డిస్టిలేషన్‌కి ముందు పెరాక్సైడ్ స్ట్రిప్‌తో పరీక్ష. స్ట్రిప్ రంగు మారితే సోడియం సల్ఫైట్‌తో చంపి, మళ్లీ పరీక్షించి, రంగు రాకపోతేనే వేడి పెట్టండి. గాలి పద్ధతిలో కూడా ఇది చేయండి, సాల్వెంట్ నుంచి పెరాక్సైడ్లు పుట్టి ఉండొచ్చు. ఎంఎల్ (మదర్ లిక్కర్, అంటే సరుకు తీశాక మిగిలిన ద్రావణం) రీసైకిల్ చేసే చోట ప్రతి రీసైకిల్‌కీ చేయాలి, ఎందుకంటే అవి బ్యాచ్ బ్యాచ్‌కీ పోగవుతాయి.

చివరిగా వాడేసిన కేటలిస్ట్. ప్లాటినం, పల్లాడియం, రుథేనియం ఏదైనా రిఫైనర్‌కి వెనక్కి పంపితే లోహం విలువలో ఎక్కువ భాగం తిరిగొస్తుంది, ప్రాసెస్ ఖర్చు నిలబడేది దీనిమీదే. తడిగా, మూత పెట్టిన డ్రమ్ముల్లో, ప్రతి డ్రమ్ముకీ తడి బరువు, తేమ శాతం రాసి పంపండి. పంపేముందు మీరో శాంపిల్ తీసి లోహం ఎంతుందో కొలిపించి పెట్టుకోండి. మేము మొదటిసారి ఈ శాంపిల్ తీయలేదు, రిఫైనర్ చెప్పిన అంకెకి మా లెక్కకి మధ్య తేడా వచ్చింది, నోరు మూసుకుని వాళ్ల అంకె ఒప్పుకోవాల్సి వచ్చింది.